పెట్రోలులో నీళ్ళు

మొన్న వానలో ఒక పాత కారు దగ్గుతూ వచ్చి మా అరుగు ముందు ఆగిపోయింది. డ్రైవరు మూత ఎత్తగానే తడిగాలిలో పెట్రోలు వాసన గుప్పుమంది. విశాఖపట్నంలో కూర్చున్న నన్ను, డెబ్బై దాటిన ముసలివాణ్ణి, ఆ వాసన రంగూన్‌కు, అక్కడి తామ్వే పేటలోని యోహాను మేస్త్రీ మరమ్మతు షెడ్డుకు లాక్కుపోయింది.

అవి పందొమ్మిది వందల ఇరవైలు. నా భార్య పురిట్లో పోయింది. ఊళ్ళో ఉండలేక, ఇరవై ఆరేళ్ళ వయసులో ఓడెక్కి, ఆ షెడ్డులో పనికి కుదిరాను. మేస్త్రీగారిది చీకాకోలు వైపు, అంటే ఇప్పటి శ్రీకాకుళం. ఏభై దాటిన ఒంటరి మనిషి, షెడ్డు వెనక గదిలోనే ఉండేవారు. చెడిపోయిన బండి వస్తే ముందు ఇంజను ముట్టుకునేవారు కాదు. నడిపినవాణ్ణి కూర్చోబెట్టి, "ఏటి సేసిందిరా? ఒక్కపాలి ఆగిపోనాదా, దగ్గి దగ్గి ఆగిందా?" అని అడిగేవారు. ఒక్కసారిగా ఆగితే కరెంటు తీగల్లో వెతకాలి. దగ్గి ఆగితే పెట్రోలు దారిలో వెతకాలి. పొగ నల్లగా వస్తే పెట్రోలు ఎక్కువ తాగుతోందని, నీలంగా వస్తే నూనె కాలుతోందని ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

ఒక వానాకాలం పొద్దున్న, బియ్యం మిల్లు యజమాని కారును ఎడ్లతో లాక్కొచ్చారు. జ్వరంతో ఉన్న ఆయన తల్లిని ఆస్పత్రికి తీసుకెళ్తుంటే నడిదారిలో ఆగిపోయిందట. ఆవిడ వానలో నడవాల్సి వచ్చింది. నడపడం చేతకాదని యజమాని తన బర్మా డ్రైవరు కో తిన్‌ను అక్కడికక్కడే పనిలోంచి తీసేశాడు. పాపం, కో తిన్ బండి వెంటే నడిచి వచ్చాడు. "దగ్గింది మేస్త్రీ. కొంచెం పోయింది, మళ్ళీ ఆగింది" అన్నాడు, మా దగ్గర నేర్చుకున్న తెలుగులో.

మేస్త్రీగారు కార్బురేటరు గిన్నె విప్పి, అందులోది గాజుగ్లాసులో పోసి వెలుగుకు పట్టారు. అడుగున నీళ్ళు సగ్గుబియ్యంలా కదిలాయి. ముందురోజు ఆ కారుకు పెట్రోలు పోసింది నేనే. వాన కురుస్తోందని తొందరపడి, నీళ్ళను ఆపే వడగట్టు తోలు గరాటులో పెట్టకుండా పోసేశాను.

ఆయన నా ముఖం చూశారు. కో తిన్ బయట చూరు కింద తల వంచుకుని కూర్చున్నాడు.

"సాయంత్రం యజమాని వస్తాడు" అన్నారు మెల్లగా. "ఇంజన్లో ఏటుందో నాను సెప్తాను. అదెలాగొచ్చిందో సెప్పడం నా పని కాదు."

యజమాని రాగానే నేనే ముందుకెళ్ళి, "పెట్రోలులో నీళ్ళు నా వల్లే కలిశాయండీ. అతని తప్పేం లేదు" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "వీడి చెయ్యి నా బండిమీద పడకూడదు" అని మేస్త్రీతో చెప్పి కో తిన్‌ను పిలిచాడు. కో తిన్ నావైపు చూడకుండానే బండెక్కాడు. నేనుండే కూలీల బారక్‌లో మావాళ్ళు నన్ను వెర్రివాడికింద జమకట్టారు. ఒకడు తప్పు ఒప్పుకుంటే రేపు అందరినీ నిలదీస్తారని వాళ్ళ భయం. చాలా రోజులు ఎవరూ నాతో సరిగా మాట్లాడలేదు.

మేస్త్రీగారూ మెచ్చుకోలేదు. ఆదివారం చర్చి నుంచి వచ్చి, "దలా పోదాం, వస్తావా?" అన్నారు, అంతే. దలా నదికి అవతలి ఒడ్డున ఉంది. పడవలో దాటుతూ చెప్పారు. వెనకటికి వేరే షెడ్డులో పనిచేసేటప్పుడు ఆయన నూనె పొయ్యడం మరిచిపోతే ఒక ఇంజను పట్టేసి బిగుసుకుపోయిందట. నేరం సన్యాసి అనే డ్రైవరు మీద పడింది.

"నాను నోరిప్పనేదు. ఆడు మూట సర్దుకుని ఎల్లిపోనాడు. దలాలో కూలి సేస్తన్నాడని ఎవుడో సెప్పాడు. పదేళ్ళయింది, ప్రతి ఆదివారం ఎతుకుతున్నాను."

"కనిపిస్తే ఏమంటారు?"

"మొన్న నువ్వన్న మాటే."

ఆ రోజూ సన్యాసి కనిపించలేదు.

మరుసటి వానల్లో మేస్త్రీగారు జ్వరంతో పోయారు. పాతిపెట్టేటప్పుడు పాదిరిగారు, నేను, కో తిన్, ముగ్గురమే ఉన్నాం. పై ఆదివారం నేనొక్కణ్ణే దలా వెళ్ళాను. సన్యాసి ముఖం కూడా ఎరగను. రేవులో కనిపించిన ప్రతి తెలుగువాణ్ణీ అడిగాను. రంగూన్ వదిలేదాకా అలా వెళ్తూనే ఉన్నాను.

మా వైపు సన్యాసి అన్న పేరు వీధికొకరికి ఉంటుంది. ఎవరైనా ఆ పేరుతో పిలవడం వినిపిస్తే ఇప్పటికీ ఆగి, పలికినవాడు నాకన్నా పెద్దవాడైతే దగ్గరికెళ్ళి, ఎప్పుడైనా రంగూన్‌లో బండి నడిపారా అని అడుగుతాను. ఇంతవరకు ఎవరూ అవునని అనలేదు.