చివరి బొమ్మ తర్వాత నల్లతెర

కాలేజీలో పిల్లలకు స్లైడ్ షో చేయడం నేర్పేది నేనే. ఫోటోలు ఎలా చేర్చాలి, పాట ఎక్కడ మొదలవ్వాలి, అక్షరం ఎంత లావుండాలి, అన్నీ విసుక్కుంటూనే చెప్తాను. షో ఎలా ముగియాలన్నది పాఠం చివర్లో వస్తుంది. అప్పటికి పిల్లలు బ్యాగులు సర్దుకుంటూ ఉంటారు. "ఆ సెట్టింగు మీరే చూసుకోండి" అని నేనూ వదిలేసేదాన్ని. మా అన్న షష్టిపూర్తిలో నాకు తగిన శాస్తి జరిగింది.

అన్న బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యాడు. ఉండేది పూతలపట్టు దగ్గర. తిరుపతిలో కల్యాణమండపం మాట్లాడి, వదిన మెడలో మళ్ళీ తాళి కట్టే ముహూర్తం పెట్టుకున్నారు. తాళి కట్టాక పెద్ద తెర మీద పాత ఫోటోలు వేద్దామని, ఆ పని నేను చేస్తానని ముందే నోరు తెరిచి అడిగాను. అడగడానికి కారణం వేరే ఉంది. మా వైపు తాళి కట్టేటప్పుడు మూడో ముడి ఆడబిడ్డ వేస్తుంది. అన్నకు చెల్లెల్ని నేనొక్కదాన్నే. కానీ మా ఆయన పోయాడు. మొగుడు పోయిన ఆడబిడ్డ వేదిక మీదికి రావచ్చా రాకూడదా అని ఎవరో గుసగుసలాడటం, అది నా చెవిన పడటం నేను భరించలేను. ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే పైకి ఎందుకు రాలేదని ఎవరూ అడగరు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ముహూర్తానికి ముందురోజు మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళి అన్నావదినలకు షో అంతా ఒకసారి వేసి చూపించాను. చివర్లో వాళ్ళ పెళ్ళి ఫోటో పెట్టాను. అందులో వదిన తల వంచుకుని ఉంటుంది. ఆమె వెనకాల పరికిణీ కట్టుకుని, నాలుక పళ్ళ మధ్య నొక్కిపెట్టి, మూడో ముడి వేస్తున్నది నేను. అన్న నవ్వాడు. "సూడు దీని మొగం, లారీ టైరుకు తాడు కడతా ఉన్నట్టుండాది." వదిన మాత్రం నవ్వలేదు. ఆ ఫోటోనే చూస్తూ ఉండిపోయింది. నేను మీట నొక్కాను. తెర నల్లబడింది. పైన చిన్న అక్షరాలతో షో అయిపోయిందనీ, బయటికి రావాలంటే నొక్కమనీ వచ్చింది.

"ఇదేంది పాపా, కడాన ఇట్లా నల్లగా వచ్చింది? శుభమా అని చేసుకుంటా ఉంటే. తీసేయ్ దాన్ని," అంది వదిన.

"అట్లే తీసేస్తా వదినా," అన్నాను.

నా బుద్ధి ఎక్కడికి పోయిందో చూడండి. ఆమె నల్లతెరను అంటే నేను నన్నే అన్నదనుకున్నాను. ఫోటో చూసి నవ్వలేదంటే, ఇంతసేపు చూసిందంటే, మరి మనసులో ఏమనుకున్నట్టు? ఇంత చిన్న నలుపునే పట్టించుకున్న మనిషి, ముడి వేసే రోజున నన్ను అంత పెద్ద తెర మీద చూపిస్తే ఊరుకుంటుందా? ఫోటో చూసినవాళ్ళు ఆ పిల్ల ఇప్పుడు ఎక్కడుందని వెతకరా? ఆమె నోరు తెరిచి అడిగేదాకా తెచ్చుకోవడం దేనికని, ఇంటికి వచ్చి ఆ ఫోటోను నేనే దాచేశాను. తుడిచేయడానికి చెయ్యి రాలేదు. దాచిన స్లైడు ఫైల్లో ఉంటుంది, షోలో రాదు, అంతే. ఆ తర్వాత సెట్టింగుల్లోకి వెళ్ళి, చివర నల్ల స్లైడు వచ్చేలా ఉన్న టిక్కు కూడా తీసేశాను. టిక్కు తీస్తే ఆఖరి బొమ్మ అలాగే నిలిచిపోతుందనుకున్నాను. పాఠాలు చెప్పేదాన్ని కదా, ఒక్కసారి నొక్కి చూసుకోవద్దూ? చూసుకోలేదు. నా మీద నాకు జాలి పుట్టుకొచ్చి, ఆ జాలిలో కమ్మగా మునిగి ఉన్నాను.

మర్నాడు అన్నీ సవ్యంగా జరిగాయి. తాళి కట్టారు, అక్షింతలు వేశారు. నేను కిందనే ల్యాప్‌టాప్ ముందు తల వంచుకుని, చేయాల్సిన పనేమీ లేకపోయినా తెగ చేస్తున్నట్టు కూర్చున్నాను. తర్వాత షో మొదలుపెట్టాను. జనం చప్పట్లు కొట్టారు. ఇద్దరూ దండలతో ఉన్న ఆఖరి ఫోటో వచ్చింది. అయిపోయిందనుకుని ఇంకోసారి నొక్కాను.

షో ఆగిపోయి, నేను కూర్చుని తయారుచేసుకునే పేజీ తెర మీదికి వచ్చేసింది. ఎడమపక్క ఫోటోలన్నీ చిన్నచిన్నవిగా వరసగా ఉన్నాయి. అన్నిటికంటే కింద వెలిసిపోయినట్టు పెళ్ళి ఫోటో, దాని నంబరు మీద అడ్డంగా గీత. కంగారులో పేజీ మూసే మీట బదులు కిందికి పోయే మీట నొక్కాను. ఆ ఫోటో తెర మధ్యకు పెద్దగా వచ్చేసింది. నాలుక పళ్ళ మధ్య నొక్కుకుని నేను ముడి వేస్తూనే ఉన్నాను.

అన్న చేతిలో మైకు ఉంది. వచ్చినవాళ్ళకు రెండు మాటలు చెప్పాలని పట్టుకున్నాడు. "ఇది ఇందాక రాలేదే. నిన్న కడాన ఇదే కదా ఉండింది? ఎవురు తీసేయమన్యారు పాపా?" అని మైకులోనే అడిగేశాడు.

హాలంతా ఒక్కసారి వదిన వైపు తిరిగింది. ఎవరూ ఏమీ అనక్కర్లేదు, ఆడబిడ్డ ఫోటోను తీసేయమనేది ఇంకెవరు? ముందు వరసలో ఒకావిడ పక్కావిడ చెవిలో, "ముడి కూడా ఈ పిల్లతో ఏయించలేదు సూసినావా," అనడం నాకు వినిపించింది. వదినకూ వినిపించింది. కొత్త పసుపుతాడు మెడలో ఉన్న మనిషి, మొహం చిన్నబోయి, చీర కుచ్చిళ్ళ వైపు చూస్తూ నిలబడింది.

"కంప్యూటర్ ప్రాబ్లం, అన్నా," అన్నాను. ఆ మాట నా నోటి నుంచి ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను. ఎవరూ నమ్మలేదు. వదినను కాపాడటానికి నేను అబద్ధమాడుతున్నాననుకున్నారు. అది ఇంకా అన్యాయం. ఆమె పండుగ రోజున, ఆమె చేయని పాపం ఆమె నెత్తిన వేసి, మంచిదాన్ని అనిపించుకుంటున్నది నేను.

లేచాను. పొద్దుటి నుంచి ఎక్కకుండా తప్పించుకున్న ఆ వేదిక ఎక్కక తప్పలేదు. అన్న చేతిలోని మైకు తీసుకున్నాను. "ఎవురూ తీసేయమన్లేదు. వదినకు తెలీను కూడా తెలీదు. మొగుడు పోయినదాన్ని కదా, అంటారేమోనని నేనే దాచేసినా." ఇలాంటి మాట అంతమంది ముందు మైకులో చెప్పుకోవాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు. ఎవరో భోజనాలకు లేవండని కేకేశారు, బతికించారు.

నేను తినలేదు. వేదిక వెనక గదిలో వైర్లు చుట్టుకుంటూ ఉంటే వదిన వచ్చి తలుపు దగ్గరికి వేసింది.

"నేనంటాననుకున్యావా?"

కాదని అనబోయాను. "ఊఁ" అన్నాను.

"మూడో ముడికి అయ్యవారు ఆడబిడ్డ యాడ అని అడిగినాడు. నేను తిరిగి నిన్నే సూసినా. నువ్వు తలకాయ ఎత్తలేదు. ఇంగెవురో వచ్చి ఏసినారు."

నాకు ఆ పిలుపు వినబడింది. విననట్టు కూర్చున్నాను. అది కూడా ఆమెకు తెలుసని ఆమె మొహం చూస్తే అర్థమైంది.

"నిన్న ఆ ఫోటో సూస్తా ఉంటే, రేపు మళ్ళా దీని చెయ్యే కదా పడేదని అనుకున్యా. నేను వొద్దన్నది నల్లతెరను పాపా. నిన్ను వొద్దన్యానా?"

ఇన్నేళ్ళలో ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆమె తరఫున ఆ మాటలన్నీ నేనే అనేసుకుని, నేనే బాధపడి, నేనే శిక్ష వేసుకున్నాను. భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

వదిన వెనక్కి తిరిగి, జడనూ పూలనూ ముందుకు వేసుకుంది. "ముడి వదులుగా ఉండాది. బిగించు."

చేతులకు వైర్ల దుమ్ము ఉంది. పైట చెంగుకు తుడుచుకుని, ఆ పసుపుతాడు పట్టుకుని బిగించాను. ఆమె వీపు నా వైపు ఉండబట్టి సరిపోయింది. మొహం నా వైపు ఉండుంటే నా చేతులు లేచేవి కావు.