మా మోటారులో తెర వెనక దీపం

మా చిన్నప్పుడు తెల్లారిందంటే చాలు, వాకిట్లో ఒకటే లొల్లి... "మళ్ళ సచ్చిందా?" అని బాపు, "సచ్చింది సాబ్" అని మా డ్రైవర్ యూసుఫ్ భాయ్! కంగారు పడకండి... చచ్చింది మనిషి కాదు, మా మోటారు కారు బ్యాటరీ.

(నేను చెప్తుంటే మునిమనవరాలు టైపు చేస్తోంది. తప్పులుంటే దాన్నే తిట్టండి.)

మా ఇల్లు పాతబస్తీలో, శాలిబండలో. బాపు వకీలు. ఏదో నవాబుల దేవిడీ వాళ్ళు వాడి వాడి వదిలేసిన పాత మోటారు కొన్నాడు. ఆ రోజుల్లో మా ఇళ్ళల్లో కూడా ఆడవాళ్ళకు ఘోషా కదా... అందుకని వెనక సీటు చుట్టూ, డ్రైవర్‌కూ మాకూ మధ్యన కూడా మందపాటి మఖ్మల్ తెరలు. లోపల చీకటి గుయ్యారం. అందుకే అక్కడొక బుల్లి దీపం ఉండేది. ఆ తెర మీద చెయ్యి వెయ్యడం అటుంచి, అటు తిరిగి చూడడం కూడా యూసుఫ్ భాయ్ ఎరగడు.

బ్యాటరీని జట్కాలో వేసుకుని అఫ్జల్‌గంజ్ తీసుకుపోయి చార్జింగ్ పెట్టించేవాడు పాపం. రెండు మూడు రోజులు బాగుండేది... మళ్ళీ ఓ పొద్దున హ్యాండిల్ ఎంత తిప్పినా ఉలుకూ పలుకూ ఉండేది కాదు. బాపు అదాలత్‌కు ఆలస్యం. కొట్టువాడేమో "బ్యాటరీకేం కాలే, మీ మోటార్ల ఏదో దాన్ని తాగుతున్నది" అనేవాడు.

ఇక మా నాయనమ్మ! లడాయి రోజులు... యుద్ధం వార్తల కోసం హోటళ్ళలో రేడియోలు బ్యాటరీతో మోగేవి. "గా యూసుఫే బ్యాటరీ తీస్కపోయి ఏ హోటల్ల రేడియోకో పెడుతుండు. పంపియ్యిరా వాన్ని!" అని రోజూ బాపు చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది. యూసుఫ్ భాయ్ నలుగురు పిల్లలున్న మనిషి... ఈ పని పోతే వాళ్ళ పొయ్యి వెలగదు. అయినా ఎదురు చెప్పేవాడు కాదు.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాయి. బాపు ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. "నేనేం జేసిన్నో, మోటారేం జేసిందో ఇయ్యాల తేలాలె సాబ్" అని యూసుఫ్ భాయ్ ముందు సీటు కింది పలక ఊడదీశాడు. బ్యాటరీ అక్కడే ఉండేది. నేను బాపు పంచె పట్టుకుని నిలబడ్డాను. నాయనమ్మ తలుపు చాటు నుంచి చూస్తోంది.

"చూడుండ్రి సాబ్, అన్ని బంద్ ఉన్నయి. హారన్ లేదు, ముంగటి దీపాల్లేవు." బ్యాటరీ తీగె ఊడదీసి మళ్ళీ మెల్లగా ఆనించాడు.

చిటుక్కుమని నిప్పురవ్వ!

"యా అల్లా... ఇప్పుడు గూడ తాగుతున్నది!" అన్నాడు. బాపు వంగి చూశాడు. "అన్ని బందుంటే గిదెట్లొచ్చెరా?"

"ఒక్క వెనకదిక్కే చూడలే సాబ్. జనానా పర్దా... నేనెట్ల ఎత్తుత?"

"బిడ్డా, నువ్వు పోయి చూడు" అన్నాడు బాపు నాతో.

తెర ఎత్తాను. అమ్మమ్మమ్మ! ఇన్నేళ్ళయినా తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది...

లోపల మా అత్త! బాపు చెల్లెలు. పదిహేనేళ్ళకే మొగుడు పోయి మా ఇంటికొచ్చిన సుశీలత్త. ఎప్పుడూ ఆ బోసి చేతులే చూశాను నేను. ఇప్పుడు ఆ చేతుల నిండా... మోచేతుల దాకా... లాడ్ బజార్ లక్క గాజులు! ఆమె పెళ్ళినాటివి. ఎక్కడ దాచిందో, ఎన్నాళ్ళు దాచిందో! బుల్లి దీపం కింద రాళ్ళు తళతళ మెరుస్తున్నాయి. మేం భోజనాల దగ్గర ఉండగా ఎక్కినట్టుంది... బయటి మాటలన్నీ వింటూ, గాజులు చప్పుడవుతాయని కదలకుండా కూర్చుంది.



"ఏముందే?" అన్నాడు బాపు. నేను తెర వదిలేశాను.

"ఏముంటది! వాడే దొంగ. ఇప్పుడే ఎల్లగొట్టు!" నాయనమ్మ గట్టిగా అరిచింది. బాపు యూసుఫ్ భాయ్ వైపు తిరిగి, "రేపటి సంది..." అని మొదలుపెట్టాడు.

తెర పక్కకు జరిగింది. సుశీలత్త దిగింది. నెత్తిన కొంగు లేదు, చేతుల గాజులు దాచుకోలేదు... పట్టపగలు, అందరి ఎదుటా!

"అన్నా, ఆయననేమనకు. గిన్ని దినాలు దీపం పెట్టుకున్నది నేనే. ఎవరన్న వస్తున్నరంటే భయానికి ఆర్పుడు మరిచి ఉరికిన. ఆయన పిల్లల నోట్ల మట్టి గొట్టకు."

యూసుఫ్ భాయ్ అప్పటికే గోడవైపు తిరిగి తల వంచుకున్నాడు. నాయనమ్మ ఉన్నచోటే గడప మీద కూలబడింది. "గవి తియ్యే..." అంది. అత్త తియ్యలేదు. 

చివరికి బాపే ఆ పలక తెచ్చి బ్యాటరీ మీద మూశాడు. "యూసుఫ్, రేపు అదాలత్‌కు పోవాలె. జర జల్దీ రా" అని లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత మా ఇంట్లో దాని గురించి ఎవరూ ఒక్క మాట ఎత్తలేదు. అయితే అప్పట్నుంచి సందె వేళ యూసుఫ్ భాయ్ మోటారు దగ్గరికొచ్చి, గోడవైపు తిరిగి నిలబడి, "బత్తీ బంద్ చెయ్యుండ్రమ్మా" అనేవాడు. గాలితో చెప్పినట్టు. లోపల చిన్నగా గాజుల చప్పుడు... దీపం ఆరేది. అరుగు మీద బియ్యం ఏరుకుంటున్న నాయనమ్మ అన్నీ వినేది. ఎవరితో చెప్తున్నావని ఒక్కనాడూ అడగలేదు.

బ్యాటరీ మళ్ళీ చావలేదు.

ఇప్పుడు మా మనవడి కారులో తలుపేస్తే దీపం దానంతటదే ఆరిపోతుంది. మంచిదే... కానీ లోపల ఒక మనిషి ఉందని తెలిసి, అటు చూడకుండా, మెల్లగా గుర్తు చేసే యూసుఫ్ భాయ్‌లు ఎక్కడున్నారిప్పుడు? మీ ఇళ్ళల్లోనూ ఒక సుశీలత్త ఉండే ఉంటుంది. ఆమె ఎక్కడ దీపం పెట్టుకునేదో మీకు తెలుసా... తెలిస్తే చెప్పండి, నా ముసలి చెవులతో వింటాను.