బుచ్చన్న ఆక్టోపస్‌కు పటిక వేసిన వైనం

మా వీధి మగ్గాలకు కావలసిన పట్టూ నూలూ బుచ్చన్న చేతిమీదుగానే రంగెక్కుతాయి. గద్వాలలో నలభై ఏళ్ళుగా అద్దకం పని చేస్తున్నాడు గానీ, ఒక్కసారి కూడా తప్పు ఒప్పుకున్న పాపాన పోలేదు. ఎర్రంచు రంగు దిగి తెల్లచీరంతా పాడైందని కర్నూలు నుంచి ఒకావిడ వెతుక్కుంటూ వస్తే, ఆమెను ఎగాదిగా చూసి, "రంగు మంచిగనే ఉందమ్మా, నీ చెమటనే మంచిది కాదు" అని పంపేశాడు. పక్కింటివాణ్ణి కాబట్టి ఆమె తిట్లు నేనూ విన్నాను.

ఆయన కూతురు వైష్ణవి హోటలు కోర్సు చదివి, రెండేళ్ళుగా కొత్తకోట హైవే మీద ఒక దాబాలో లారీవాళ్ళకు రొట్టెలు కాలుస్తోంది. పోర్చుగీసు వంటలు చేసే హైదరాబాదు హోటలొకటి ఉద్యోగం ఇచ్చేముందు ఆ పిల్లకు చివరి పరీక్ష పెట్టింది. ఆదివారం నాలుగింటికి ఇంట్లోనే ఆక్టోపస్ వండి వీడియో కాల్‌లో చూపించాలి. ఫోన్లో రుచి తెలియదు కనుక ఇంటి పెద్ద ఒకరు తిని, ఎలా ఉందో చెప్పాలి. ఇదేం పరీక్షో నాకైతే అర్థం కాలేదు. వైష్ణవి మాత్రం ఈ ఉద్యోగం రాకపోతే రొట్టెల పెనం ముందే ముసలిదాన్నైపోతానని బెంగ పెట్టుకుంది.

హైదరాబాదు వెళ్ళి ఒకే ఒక్క ఆక్టోపస్‌ను మంచు డబ్బాలో పెట్టుకుని బస్సులో తెచ్చింది. తల్లి ఇందిరమ్మ మూత తీసి చూసింది. "ఏందే ఇది? తల యాడుంది, తోక యాడుంది? ఇది నా వంటింట్లకొస్తే నేను బయటికి పోత!" అంది. బుచ్చన్న మీద గెలవొచ్చు గానీ ఇందిరమ్మ మీద గెలవలేం. వంట అద్దకం కొట్టంలోకి మారింది. గిన్నె కొత్తది కొన్నారు, పొయ్యి మాత్రం బుచ్చన్నదే. పని చెడింది అక్కడే.

పోర్చుగీసువాళ్ళ పద్ధతి పెద్ద కష్టమేమీ కాదట. ఆక్టోపస్‌ను ఉల్లిగడ్డతో కలిపి మెత్తగా ఉడికించి, తర్వాత వెల్లుల్లి, ఆలుగడ్డలు వేసి ఆలివ్ నూనెలో కాల్చాలి. ఆ నూనె కోసం వైష్ణవి మందుల షాపుకు వెళ్తే, చంటిపిల్లల ఒంటికి రాసేది చూపించారు. తినేదాని కోసం ఊరంతా తిరగాల్సి వచ్చింది. ఆక్టోపస్‌ను పొయ్యెక్కించి వెళ్ళేముందు తండ్రికి చెప్పింది కూడా: "నాయినా, మంట జూస్కుంట కూసో. గిన్నెల ఏం ఎయ్యకు."

బుచ్చన్న కూర్చున్నాడు. పావుగంటకు గిన్నెలో నీళ్ళు వంగపండు రంగుకు తిరిగాయి. ఆక్టోపస్ ఉడికితే అంతేనట. కానీ జీవితమంతా రంగు నూలుకు పట్టి గంగాళంలో నీళ్ళు తేరాయా లేదా అని చూసిన మనిషికి ఆ సంగతి ఎవరు చెప్పాలి? ఆయన దిగ్గున లేచాడు.

"రంగు దిగుతున్నది! బిడ్డ ఇజ్జత్ పోతది!" అని కేక పెట్టాడు.

నేను గోడ మీదుగా తొంగిచూసి, "అన్నా, అది కూరే, చీర గాదు" అన్నాను. వింటేనా! రంగు నిలవడానికి గుప్పెడు పటిక తెచ్చి గిన్నెలో వేశాడు. చాలదేమోనని ఇంకో గుప్పెడు వేశాడు.

వైష్ణవి వచ్చేసరికి మూడున్నర దాటింది. రుచి చూసే తీరిక లేక, ఆదరాబాదరాగా కాల్చి పళ్ళెంలో పెట్టింది. నిజం చెప్పొద్దూ, రంగు మాత్రం బ్రహ్మాండంగా నిలిచింది. పెళ్ళిచీర అంచుకు కూడా అంత నిండుదనం రాదు. నాలుగింటికి ఫోన్లో కనబడిన హోటలు పెద్ద వంటాయన, "ఇంత రంగు నేనెప్పుడూ చూడలేదమ్మా" అన్నాడు. బుచ్చన్న మీసం మెలేశాడు.

"ఇప్పుడు మీ నాన్నగారు తిని చెప్పాలి."

బుచ్చన్న ఒక కాలు ముక్క నోట్లో పెట్టుకుని నమిలాడు. వంటాయన చూశాడు, వైష్ణవి చూసింది, నేను చూశాను. ఇంకా నమిలాడు. పటిక పడి అది సైకిలు ట్యూబులా అయింది. వగరుకు మూతి ముడుచుకుపోయింది. ఐదు నిమిషాలు గడిచాయి. వంటాయన మధ్యలో లేచి మంచినీళ్ళు తాగి వచ్చాడు.

"ఉమ్మెయ్యి, పండ్లు రాలుతయ్!" అని ఇందిరమ్మ కిటికీలోంచి అరిచింది.

ఉమ్మితే కూతురి ఉద్యోగం పోతుంది. మింగుదామంటే గొంతు దిగదు. బాగుందని అబద్ధం చెబుదామన్నా నోరు ఖాళీ లేదు. చివరికి దాన్ని అరచేతిలోకి తీసి, కళ్ళనీళ్ళతో అన్నాడు: "సార్, పిల్ల తప్పేం లేదు. రంగు పోతదని నేనే పటికేసిన. తప్పు నాది."

నేను గోడ మీద నుంచి పడబోయాను.

వైష్ణవి ఫోను లాక్కుంది. "కాదు సార్, తప్పు నాది. పొయ్యి ఇడిసిపెట్టి పోయింది నేను, నోట్ల పెట్టి సూడంది నేను."

"నువ్వూకో! తప్పు నాదంటున్న గద!"

"నాదే నాయినా!"

పొలం గట్టు కోసం కొట్లాడినట్టు తప్పు కోసం కొట్లాడుకున్నారు. ఇందిరమ్మ కూడా ఊరుకోలేదు. "వంటింట్లకు రానియ్యంది నేను! నాది గాదా?" అంటూ పరిగెత్తుకొచ్చింది.

వంటాయన చెయ్యెత్తి ఆపాడు. "మా వంటగదిలో కూర మాడినా, పాలు విరిగినా, ఇది నా తప్పు అన్న మనిషి ఇంతవరకూ కనబడలేదు. అమ్మా, సోమవారం వచ్చి చేరు. మీ నాన్నగారిని మాత్రం తీసుకురాకు."

వైష్ణవి తండ్రిని పట్టుకుని ఏడ్చింది. బుచ్చన్న కండువాతో మొహం తుడుచుకుని వీధిలోకి వచ్చాడు. కనబడ్డ ప్రతివాణ్ణీ ఆపి, సంతోషం పట్టలేక, "నా బిడ్డను రమ్మన్నరు, నన్ను రావద్దన్నరు" అని చెప్పుకున్నాడు.