స్కొలాస్టికమ్మ వాన

నా చిన్నప్పుడు అరబ్బుల ఎడారిలో, బనియాస్ అనే ఊళ్లో, మా పక్క ఫ్లాట్‌లో గుంటూరు వైపు ఆవిడ ఒకామె ఉండేది. పెద్దమ్మా అని పిలిచేదాన్ని. మేము హిందువులం, ఆవిడ క్యాథలిక్ నర్సు. ఆవిడ ఇంట్లో ఏడాది పొడుగునా ఏదో ఒక పునీతుల పండుగే. ఆ రోజున నాకు కేకు ముక్క ఖాయం.

ఆ ఫిబ్రవరిలో మాత్రం కేకు సయించలేదు. మర్నాడు పొద్దున్నే మా బాపు నడిసముద్రంలో నూనెబావుల పనికి పోవాలి, నెలల తరబడి రాడు. నా ముఖం చూసి పెద్దమ్మ, ఆ రోజు పండుగ ఎవరిదో ఆ స్కొలాస్టికమ్మ కథ ఎత్తుకుంది. పదిహేను వందల ఏళ్ల కిందటి సన్యాసిని. తోడబుట్టిన బెనెడిక్టూ సన్యాసే. ఏడాదికొక్కసారే కలిసేవారట. ఒకసారి ఈ రాత్రికి ఉండిపొమ్మని ఈవిడ అంటే, మఠం నియమం ఒప్పుకోదన్నాడాయన. ఆవిడ బల్ల మీద చేతులు జోడించి, వాటి మీద తల వాల్చింది. అంతే, ఉరుములతో కుండపోత! ఆయన గడప దాటలేకపోయాడు.

నేను ఊరుకుంటానా? ఇంటికొచ్చి నేనూ బల్ల మీద తల వాల్చాను. సాయంత్రానికి మబ్బు కమ్మింది. ఎడారిలో ఎన్నడూ చూడని వాన! బాపు ఆ రోజు పనికి పోయిన ముసఫ్ఫా నుంచి కంపెనీ బస్సు రాలేదు. వంతెన కింద ఏదో బస్సు నీళ్లలో చిక్కిందని కింది కిరాణా కొట్టువాడు చెప్పాడు. "ఫోను కలుస్తలేదు" అంటూ అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. వానను పిలిచింది నేనే. బాపును ముంచేసింది నేనే.

పెద్దమ్మ దగ్గరికి పరుగెత్తి, వెక్కుతూ అంతా చెప్పేశాను. ఆవిడ నవ్వలేదు.

"పిచ్చిదానా, ఆ తల్లి వాన అడగలేదే. ఇంకాసేపు కూర్చోమంది, అంతే. ఆ తర్వాత మూడు రోజులకే చనిపోయింది పాపం. నీక్కావాల్సిందేదో అదే అడుగు."

"బాపు ఇంటికి రావాలె. పొద్దున పోతే పోనీ, ఇప్పుడైతే రానీ."

నా పక్కనే ఆవిడా తల వాల్చింది. నా చేతి మీద తన చెయ్యి వేసింది.

బాపు వచ్చాడు. బూట్లు చేతిలో, నడుం దాకా బురద. "యల్లా, జల్ది చాయ్ పెట్టుండ్రి" అన్నాడు, ఏమీ జరగనట్టు! నేను ఆయన మెడ పట్టుకుని వదల్లేదు. తెల్లారేసరికి వాన ఖలాస్. బస్సు వచ్చింది, ఆయన ఎక్కాడు. నేను ఆపలేదు.

ఇప్పటికీ ఎవరైనా చెప్పులేసుకుంటుంటే వెళ్లొద్దని అనను. "ఇంకో కప్పు చాయ్ తాగిపో" అంటాను. ఫ్లైట్‌కి టైమైందని మావాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ. ఆ కప్పు ఖాళీ అయ్యేదాకా నా ఎదుటే కూర్చుంటారు కదా.