పంటు మీద రెండు నిమ్మకాయలు

మా చిన్నప్పుడు... యానాం రేవులో గోదారిని మొదటిసారి చూసి, కారు సీటు కింద దూరినా నేను. అంత నీళ్ళు నేను ఎరగను. అవతలి ఒడ్డున కొబ్బరిచెట్లు సన్నంగా, గీత గీసినట్టు ఉన్నాయి.

మాది కిరుమాంబాక్కం, అరవసీమలో ఉండే తెలుగోళ్ళం. నాయన కోసపాళయంలో ఒక బట్టల అంగడి యజమానికి, మొదలాళి అంటాం మేము, కారు తోలేవాడు. మొదలాళి పని మీద కారు యానాం పోవాల్సి వచ్చింది. "నేనూ వస్తా, కూతుర్ని చూసి మూడేండ్లాయ" అని మా అవ్వ మూట కట్టుకుంది. తోడు నేను.

అత్తను ఇచ్చింది గోదారికి అవతల, అమలాపురంలో. చుట్టూ గోదారి పాయలు, ఒక పక్క సముద్రం... దీవి మాదిరి సీమ.

రెండు రోజుల దారి. పచ్చటి చేలు, రోడ్డు పక్కనే కాలవలు, కాలవల నిండా బాతులు... నాయన "చూడరా, చూడరా" అంటా ఉన్నాడు. నాకు నీళ్ళే కనబడినాయి. వంతెన వచ్చినప్పుడల్లా కండ్లు మూసుకున్నా.

మా ఇంట్లో ఒక వాడుక. బండి బయలుదేరేటప్పుడు, పెద్ద నీళ్ళు దాటేటప్పుడు ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాల. కృష్ణ దాటేముందు కూడా అవ్వ కారు ఆపించి తొక్కించింది.

యానాంలో అప్పుడు వంతెన లేదు. పంటు ఉండేది. రెండు పెద్ద పడవలు జత కట్టి పైన పలకలు పరిస్తే అదే పంటు. దాని మీదికి కారు ఎక్కించాల. పంటువాళ్ళు తొందర పెట్టినారు... నాయన నిమ్మకాయల సంగతి మరిచిపోయినాడు.

పంటులో ఒక పెద్దాయన, తలకు తువ్వాలు చుట్టుకున్నాడు. కారు ఎక్కంగానే చక్రాలకు అడ్డంగా కట్టెముక్కలు బిగించినాడు. "అందరూ దిగాలండి. మామ్మగారు కూడానండి" అన్నాడు.

అవ్వ కదల్లేదు. "ఈ మోకాళ్ళతో దిగితే, మళ్ళా ఎక్కించేదానికి మీ గోదారమ్మే రావాల నాయనా" అనింది. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

పంటు కదిలింది. నాయన వెనకవైపు నిలబడి వాళ్ళతో మాటల్లో పడినాడు. అవ్వ కారు కిటికీలోనుంచి నన్ను పిలిచింది.

"రేయ్... మీ నాయన నిమ్మకాయలు పెట్టలేదే."

అవ్వ రొండిన సంచిలోనుంచి రెండు కాయలు తీసి ఇచ్చింది. "పోయి పెట్టు. మీ నాయనకు చెప్పబాక, అరుస్తాడు."

పోయినా. నిమ్మకాయ పెట్టే చోట కట్టె ఉంది. అది ఎందుకుందో నాకేం తెలుసు... అడగాలంటే నోరు రాదు. మడమతో తన్నినా. ఎడమది వచ్చింది. కుడిది గట్టిగా ఉంటే కూర్చుని పీకినా. రెండు కాయలూ ఒద్దికగా పెట్టినా. ఆ రెండు రోజుల్లో నాకు భయం లేనిది ఆ కాసేపే.

నడి గోదారిలో ఏదో లాంచీ ఎదురొచ్చింది. అల లేచింది. పంటు ముందుకు వంగింది...

కారు కదిలింది.

తోలేవాడు లేడు. మొదలాళి కారు హ్యాండ్ బ్రేకు అంతంత మాత్రమే. ముందర ఒక ఇనప గొలుసు, దాని తరవాత గోదారి. వెనక సీట్లో అవ్వ రెండు చేతులతో ముందు సీటు పట్టుకుని, అద్దంలోనుంచి నన్నే చూస్తా ఉంది. అరవలేదు. నేనూ అరవలేదు.

"అమ్మా" అంటా నాయన పరిగెత్తి కారు వెనక పట్టుకుని వేలాడినాడు. పెద్దాయన మోకాళ్ళ మీద పడి, కట్టె తీసుకుని చక్రం కిందికి తోసినాడు. కారు ఆగింది. గొలుసుకు జానెడు దూరం.

ఆయన చెయ్యి తీసినాడు... బొటనవేలు నలిగిపోయి నెత్తురు.

నాయన అది చూడలేదు. "కట్టె కూడా సరిగ్గా పెట్టలేవా నువ్వు? మా అమ్మ ఉందయ్యా లోపల" అని అరిచినాడు.

పెద్దాయన వంగి చక్రం కింద చూసినాడు. చితికిన నిమ్మకాయ తీసినాడు. నా వైపు చూసినాడు. నా చేతులు ఇంకా నిమ్మకాయ వాసనే... ఇప్పుడు చెప్తాడు, ఇప్పుడు చెప్తాడు అని నిలబడినా.

కాయను మెల్లగా గోదార్లోకి జారవిడిచినాడు.

"తప్పయిపోయిందండి. సరిగా పడలేదండి" అన్నాడు.

అవ్వకు తెలుసు. ఆమె కూడా ఏం చెప్పలేదు. అత్త ఇంట్లో ఉన్న మూడు రోజులూ ఆమె సరిగ్గా తినలేదు, నేనూ తినలేదు.

తిరిగి వచ్చేటప్పుడు అదే పంటు, అదే పెద్దాయన. వేలికి గుడ్డ కట్టుంది. ఎవరూ చెప్పకముందే అవ్వ కారు దిగింది. ఒడ్డు చేరేదాకా ఆ మోకాళ్ళతోనే, నా భుజం పట్టుకుని నిలబడింది. ఆయన కట్టెలు బిగించి నన్ను పిలిచినాడు.

"బాబూ, ఓసారి సూడు... గట్టిగా ఉన్నాయా?"

తల ఊపినా. చెప్పాలని నాలుక దాకా వచ్చింది... రాలేదు.

అవ్వ పోయింది. నాయన పోయినాడు, ఆ తప్పు పంటులో పెద్దాయనదే అనుకుంటా పోయినాడు.

పోయిన నెల మా పిల్లోడు కారులో నన్ను అటు తీసకపోయినాడు. ఇప్పుడు వంతెన. పాట ఒకటి అయ్యేలోపల గోదారి అయిపోయింది. "ఏంది నాయనా, చేతులు వాసన చూసుకుంటా ఉండావు?" అని అడిగినాడు. ఏం లేదురా అన్నా.

మీలో ఎవరన్నా ఆ కాలంలో యానాం పంటు ఎక్కినారా... తలకు తువ్వాలు చుట్టుకుని, బొటనవేలు నలిగిన పెద్దాయన ఎవరికన్నా జ్ఞాపకం ఉండాడా... ఆయన పిల్లలో మనవళ్ళో ఉంటే ఈ మాట చేర్చండి.

కట్టెలు ఆయన సరిగ్గానే పెట్టినాడు.