మోకాళ్ల పొడి

ధర్మవరంలో మా పక్కింటి భవానికి నోరెక్కువ. పట్టుదారం కండెలకు చుడుతూనే వీధి మొత్తానికీ బుద్ధులు చెప్పేది. అలాంటి మనిషి బెంగళూరు ఆస్పత్రిలో డాక్టరమ్మ ముందు నోరు పెగలక కూర్చుంది.

ఆమె భర్త ఎర్రప్ప మగ్గం గుంతలో ముప్పై ఏళ్లు కాళ్లాడించిన మనిషి. ఊపిరితిత్తిలో క్యాన్సర్ గడ్డ. కీమోకు మొదట కరిగింది, తర్వాత మొండికేసింది. గడ్డలోంచి తీసిన ముక్కను పరీక్షించి డాక్టరమ్మ విడమరిచి చెప్పింది.

"రోగంతో పోరాడాల్సిన మన కణాలు కొన్ని గడ్డ పక్షానే చేరాయి. దాన్ని పెంచుతున్నాయి, మందును పనిచేయనివ్వడం లేదు."

"కంచే చేను మేస్తాండాదా తల్లీ?" అన్నాడు ఎర్రప్ప.

"అంతే. మంచివి ఇంకా కొన్ని ఉన్నాయి, మత్తుగా పడున్నాయి. వాటిని లేపే ఇంజెక్షన్ ఇద్దాం. వేరే మందులేమైనా వాడుతున్నారా?"

"ఏమీ ల్యా," అన్నాడు ఎర్రప్ప.

మోకాళ్ల నొప్పుల పొడి ఆయన దృష్టిలో మందే కాదు. హిందూపురం సంతలో కొన్నది, ఎనిమిదేళ్లుగా రోజూ పొద్దున భవానే మజ్జిగలో కలిపిస్తోంది. అట్లాంటి పొడుల్లో స్టెరాయిడ్ కలుపుతారని నర్సు చదివిన మేనకోడలు సింధూర ఎప్పుడో చెప్పింది. "నిన్నగాక మొన్న పుట్టినదానివి, నీకేం తెలుసే" అని భవాని దాని నోరు మూయించింది.

ఇప్పుడు చెబితే ఇంజెక్షన్ ఇవ్వరేమో. చెప్పకపోతే మనిషే దక్కడేమో. చివరికి భవాని సంచిలోంచి పొడి పొట్లం తీసి బల్ల మీద పెట్టి, ఎనిమిదేళ్లుగా కలిపిస్తున్న సంగతి చెప్పింది.

డాక్టరమ్మ ముఖం మారింది. "ఇందులో స్టెరాయిడ్ ఉంటే ఆ మంచి కణాలను కూడా అణిచేస్తుంది. పరీక్ష చేయిద్దాం. అలాగని ఒక్కసారిగా మానేయకండి, ప్రాణం మీదికొస్తుంది. మెల్లగా తగ్గించి, అప్పుడు ఇంజెక్షన్ మొదలుపెడదాం."

"అంతవరకూ గడ్డ ఊరకుంటాదా అమ్మా?"

"చెప్పలేను," అంది డాక్టరమ్మ.

తిరుగు బస్సు పెనుకొండ దాటింది. ఆయన మౌనం భవానికి గడ్డకంటే ఎక్కువ భయం పుట్టించింది.

"నేనే కదయ్యా కలిపిచ్చింది. తిట్టు, ఊరికే కూసోవద్దు."

పెళ్లయి ఇరవై ఆరేళ్లయినా నలుగురిలో పెళ్లాం పక్కన నిలబడటానికే సిగ్గుపడే ఎర్రప్ప, నిండు బస్సులో ఆమె భుజం మీద తల వాల్చాడు.

"తిట్టేదానికి నాకాడ ఓపిక ల్యా భవానీ. నాకు శానా భయమైతాండాది."