ఆరు వాకిళ్ళ ముగ్గు

ఎల్లారెడ్డిలో మా అత్తగారింట్లో నలుగురు కోడళ్ళం, ఒకటే పొయ్యి. నేను చిన్న కోడల్ని కాబట్టి ఆ పొయ్యి ముందు కూర్చునే వంతు నాకు ఎప్పుడూ రాలేదు. నీళ్ళు మోయడం, గిన్నెలు తోమడం, పొద్దున్నే వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టడం నావి. ముగ్గంటే నాకు ఇష్టమే. కానీ పప్పులో ఉప్పెంత వెయ్యాలో నా అంతట నేను అనుకోకుండానే ముసలిదాన్నయిపోతానేమోనని లోపల్లోపల బెంగగా ఉండేది.

ఆ రోజుల్లో కామారెడ్డి సర్కారు కచేరి వాళ్ళు డప్పు చాటింపు వేయించారు. రెండో ప్రపంచ యుద్ధం ఇంకా మొదలుకాలేదు. ఎలుకలు రాలిపడి, ప్లేగు భయానికి జనం పొలాల్లో గుడిసెలు వేసుకున్న ఏడాది నుంచి, పాత బజారులో ఒక గల్లీ మొత్తం తాళాలు పడి ఉంది. జబ్బు పోయినా మనుషులు వెనక్కి రాలేదు. అందరూ స్టేషను వైపు కొత్త ఇండ్లు కట్టుకున్నారు. ఊరి అంచులు కిటకిటలాడుతుంటే నడిబజారు బోసిగా ఉండిపోయింది. అందుకని ఆ గల్లీలో కాపురం పెట్టిన ఇండ్లకు మూడేండ్లు ఇంటిపన్ను మాఫీ అన్నారు. దానికో షరతు ఉంది. గల్లీలోని ఆరిండ్లలో సగమైనా నిండాలి. లేకపోతే ఉన్నవాళ్ళకు కూడా మాఫీ లేదు.

ఆరింటిలో చివరిది మా మామది. ఆయన మేనత్త పోయాక చేతికొచ్చింది. ‘పన్ను కట్టుకుంట ఆ పాడుబడ్డ ఇంటిని ఏం జేస్కుంటం’ అని అన్నేండ్లు దాన్ని పట్టించుకోలేదు. చాటింపు సంగతి తెలియగానే మా ఆయన్ని పిలిచాడు. మా ఆయన బట్టలు కుట్టేవాడు.

“మిషిను తీస్కొని కామారెడ్డికి పోండి. మాఫీ ఉన్నన్నాళ్ళు ఉండుండ్రి. అది తీసేసిన్నాడు తాళమేసి వచ్చెయ్యాలె,” అన్నాడు మామ.

కొంగు చాటున నవ్వు దాచుకోవడం ఎంత కష్టమైందో నాకే తెలుసు. డబ్బు ఇస్తామంటే మనుషులు కదలడం చూశాను. తీసుకోము అన్నందుకు మా మామలాంటి మనిషి కదలడం నాకు పెద్ద వింతగా తోచింది.

గల్లీకి వచ్చిన మొదటి రోజు మూడు రాళ్ళు పెట్టి, మట్టి మెత్తి, నా పొయ్యి నేనే వేసుకున్నాను. మొదటి పప్పు ఉప్పుకషాయమైంది. మా ఆయన వంక పెట్టకుండా తిన్నాడు. నాకైతే అంత రుచిగల పప్పు ముందూ తర్వాతా తిన్నట్టు గుర్తులేదు.

మిగిలిన ఐదిండ్లూ ఒక సావుకారివి. ఆయన స్టేషను దగ్గర ఉంటూ వీటిల్లో బెల్లం దిమ్మలు, గోనెసంచులు పెట్టుకునేవాడు. మధ్యాహ్నాలు పని లేనప్పుడు నేను ఆ తలుపుల సందుల్లోంచి తొంగి చూసేదాన్ని. ఒకదాంట్లో దూలానికి వేలాడుతున్న ఖాళీ ఉట్టి కనిపించింది. ఇంకొకదాంట్లో గోడ మీద ఒక పిల్ల ఎత్తు కొలిచిన బొగ్గుగీతలు మూడు ఉన్నాయి. నాలుగో గీత ఎందుకు గీయలేదో అడగడానికి ఎవరూ లేరు.

ఇండ్లు నిండాయో లేదో కచేరి వాళ్ళకు ఎట్లా తెలుస్తుందని నేను మా ఆయన్ని అడిగాను. సావుకారి చెప్పాడట. ఇండ్ల లెక్క చూసేది ఊరి పారిశుద్ధ్యం అధికారి, సఫాయి దారోగా. తురక దొర, మర్యాదస్తుడు. ఆడవాళ్ళున్న ఇండ్లలో తొంగి చూడడు. ఆయన జవాను రోజూ పొద్దున కచేరికి పోతూ గల్లీ మొదట్లో ఆగి, ఎన్ని వాకిళ్ళకు ముగ్గులున్నాయో చూసి రాసుకుంటాడు. ముగ్గుంటే మనుషులున్నట్టే.

“మీ ఇంటామె అన్నిటికీ ఏస్తే పాయె. నాకు పన్ను తప్పుతది, మీకు ఇల్లు మిగుల్తది,” అన్నాడట సావుకారి.

తప్పని తెలుసు. తెలిసే చేశాను. ఎల్లారెడ్డికి తిరిగి పోవడం కన్నా ఐదు వాకిళ్ళు ఎక్కువ ఊడ్వడం నాకు నయమనిపించింది. కోడి కూయకముందే లేచి ఆరు వాకిళ్ళకూ పేడనీళ్ళ సాన్పి చల్లి, ఆరు ముగ్గులు పెట్టేదాన్ని. ఒక్క చేతివని తెలియకుండా ఒక్కో ఇంటికి ఒక్కో ఆడమనిషిని ఊహించుకున్నాను. మొదటింటామె బద్ధకస్తురాలు, నాలుగు గీతలు గీకి పోతుంది. రెండో ఇంటామెది ఎడమచేయి. మూడో ఇంటామెకు గొప్పలెక్కువ, మెలికల ముగ్గు తప్ప వెయ్యదు. నాలుగో ఆమె నిండుచూలాలు, వంగలేక చిన్న ముగ్గుతో సరిపెడుతుంది. ఐదో ఆమెకూ మొగుడికీ పడదు, ఆమె గీతలు కోపంగా ఉంటాయి. రోజంతా పలకరించే దిక్కు లేని నాకు ఈ ఐదుగురూ తోడయ్యారు. నీళ్ళు తోడుతూ వాళ్ళతో మాట్లాడిన రోజులు కూడా ఉన్నాయి, నవ్వుకుంటే నవ్వుకోండి.

ఇంత తెలివి చేసి ఒక్కటి మరిచాను. రెండు వారాలయ్యాక నేను బయట కూర్చునే మూడు రోజులు వచ్చాయి. ఆ రోజుల్లో పెరట్లోనే పడక, పెరట్లోనే తిండి. ముగ్గు ముట్టేది లేదు. ఎల్లారెడ్డిలో నేను బయటుంటే ఇంకో తోడికోడలు వేసేది. వాకిలి ఎప్పుడూ ఖాళీగా ఉండేది కాదు. అందుకే ఈ మూడు రోజుల సంగతి నాకు తట్టనే లేదు. ఆరు వాకిళ్ళూ ఒక్కసారే బోసిపోయాయి.

నాలుగో రోజు నేను తలకు పోసుకుని వాకిట్లోకి వచ్చేసరికి దారోగా సైకిల్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్కన జవాను. అతను నలుగురు ఆడపిల్లల తండ్రి.

“నిన్నో మాట అడుగుత, ఏమనుకోకమ్మా,” అన్నాడు జవాను నేల చూస్తూ. “గీ గల్లీల ఆడోళ్ళంత ఒక్కపారే బయట కూసుంటరా?”

నాకు చెవులదాకా వేడెక్కింది. అబద్ధం ఆడదామన్నా ఏమని ఆడను? “గల్లీల నేనొక్కదాన్నే ఉన్న సాబ్. అన్ని ముగ్గులు నేనే ఏసిన. మాఫీ పోతే మా మామ మమ్ముల వాపస్ తోలుకపోతడు. అక్కడ నాకు పొయ్యి లేదు,” అన్నాను.

దారోగా గడ్డం గోక్కున్నాడు. “నెల రోజులు ఇస్తున్న. వచ్చే నెల ఇదే తారీఖుకు ముందురోజు నేనే వస్త. మూడిండ్లు ఆబాద్ కనపడాలె. లేకుంటే మాఫీ ఖతం,” అని సైకిలెక్కాడు.

ఆబాద్ అంటే మనుషులు మెదులుతున్న చోటు. మూడిండ్లంటే మాది కాక ఇంకా రెండు.

మా ఆయన సావుకారి దగ్గరికి పోతే, ఐదిండ్ల పన్ను మీద పడుతుందన్న భయానికి ఆయన మెత్తబడ్డాడు. రెండిండ్లు ఏడాది దాకా కిరాయి లేకుండా ఇస్తానన్నాడు. మాచారెడ్డి నుంచి వచ్చి స్టేషనులో మూటలు మోస్తూ రేకుల కింద పడుకునే ఆలుమగలు ఒకదాంట్లో దిగారు. రెండోదానికి నేను సర్కారు దవాఖానలో కాన్పులు చేసే ఆమెను అడిగాను. ఆమె క్రైస్తవురాలు. ముసలి తల్లితో దవాఖాన మూలగదిలో ఉండేది. ఊళ్ళో ఎవరూ ఇల్లివ్వలేదు.

సావుకారి ముఖం ముడుచుకున్నాడు. “ఆమెనా?”

“మీ కోడలి కాన్పు జేసింది ఆమెనే గదా,” అన్నాను. అంత పెద్దమనిషితో ఎదురు మాట్లాడటం అదే మొదటిసారి. ఆయన తాళంచెవి నా చేతికి ఇవ్వకుండా గడప మీద పెట్టాడు. నేను తీసుకున్నాను.

అంతా కుదిరిందనుకున్నాక వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. దారోగా వచ్చే రోజు సరిగ్గా నా మూడు రోజుల్లోనే పడుతుంది. మూటలు మోసే ఆమె “నీ వాకిలికి నేను ఏస్త తియ్యి” అంది. కానీ ముందురోజే తల్లికి జ్వరమని మాచారెడ్డి పోయింది. దవాఖాన ఆమెను నేను అడగనే లేదు. వాళ్ళు ముగ్గు పెట్టుకోరు, ఆమెకు చేతకాదు, అడిగితే ఏమనుకుంటుందో అని నాకు నేనే తీర్మానం చేసుకున్నాను. మా ఆయన, పాపం, బట్ట మీద గీసే సుద్దముక్క తీసుకుని “నేను గీద్దునా?” అన్నాడు. మగవాడు ముగ్గు పెడితే గల్లీ ఆబాద్ అయినట్టా, నవ్వులపాలైనట్టా? వద్దన్నాను.

ఆ పొద్దున పెరట్లో గోడకానుకుని కూర్చున్నాను. సైకిల్ గంట వినిపించింది. జవాను గొంతు వినిపించింది.

“రెండు వాకిళ్ళకే ముగ్గులున్నయి సాబ్. దవాఖానామె ఇంటికి లేదు.”

రెండెక్కడివి? ఎవరు వేశారు? లేచి గోడ దాకా పోయాను. దవాఖాన ఆమె మాట్లాడుతోంది.

“మాకు ఆ రివాజు లేదు సాబ్. మా అమ్మ గడపల కూసున్నది, సూడుండ్రి.”

“మరి గీ రెండు ఎవరేసిండ్రు?” అది దారోగా గొంతు.

“నేనే ఏసిన. ఒకామె తల్లిగారింటికి పోయింది, పెనిమిటి ఇంట్లనే ఉన్నడు. ఇంకొకామె పెరట్ల ఉన్నది. మనుషులున్నరు సాబ్. ముగ్గులే లేకుండె.”

మళ్ళీ ఒక్క చేతి ముగ్గులే. ఇక అయిపోయింది, పొయ్యి పగలగొట్టి పోవడమే అనుకున్నాను. అంతలో దారోగా గోడ అవతలి నుంచి అడిగాడు, కొంచెం గట్టిగా.

“అమ్మా, ఉన్నవా?”

“ఉన్న సాబ్,” అన్నాను.

“రాసుకో,” అన్నాడు జవానుతో. “మూడిండ్లు ఆబాద్.”

నా మూడు రోజులు గడిచి, స్నానం చేసి, ముగ్గుగిన్నె పట్టుకుని వాకిట్లోకి వచ్చాను. ఆమె వేసిన ముగ్గు తొక్కుళ్ళు పడి సగం చెరిగింది. చుక్కలు ఒక వరుసలో ఐదు, ఇంకో వరుసలో నాలుగు. గీత ఎక్కడ మొదలైందో అక్కడికి చేరలేదు. ఎప్పుడూ ముగ్గు పట్టని చేయని చూస్తేనే తెలుస్తుంది. నన్ను చూసి ఎదురింటి గడపలోంచి ఆమె అడిగింది.

“తప్పుగ ఏసిన్నా అక్కా?”

ఏడుపు ఆపుకోలేకపోయాను. తల అడ్డంగా ఊపాను. ఆ రోజు దాని మీద సాన్పి చల్లలేదు, చుట్టూ ఊడ్చి వదిలేశాను. ఆరు వాకిళ్ళకు నేను ముగ్గులు పెట్టాను. ఆ గల్లీలో నా వాకిలికి ఇంకొకరు పెట్టడం అదే మొదలు.